ఎవరు అడిగారు? ఎవరికి చెప్పారు?

ప్రజల జీవితాన్ని గురించి రాస్తున్నామని చెప్పుకొనే రచయితలు ఒక ప్రశ్నను తప్పించుకోలేరు. ప్రజల్ని గురించి మనకు తెలిసింది మనకు ఎట్లా తెలిసింది? అనుభవం వల్ల కొంత, చెవినబడ్డ మాటల వల్ల కొంత. అప్పు, భూమి, కులం, వలస గురించి మనకున్న అవగాహనలో మిగిలిన పెద్ద భాగం మాత్రం ఎవరో కాగితాలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకొన్న జవాబుల నుంచి వచ్చింది. ఆ జవాబులు పట్టికలయ్యాయి. పట్టికలు శాతాలయ్యాయి. శాతాలు మన వ్యాసాల్లోకి, ఉపన్యాసాల్లోకి, కొన్నిసార్లు మన కథల్లోకి కూడా వచ్చి చేరాయి. అయితే ఆ మొదటి ప్రశ్న ఎవరు వేశారో, ఏ భాషలో వేశారో, జవాబు చెప్పే మనిషి పక్కన అప్పుడు ఎవరెవరు నిలబడి ఉన్నారో మనం ఆరా తీయం.

కథలో దృక్పథం గురించి, కవితలో దృక్పథం గురించి మనం ఎన్నో ఏళ్ళుగా వాదించుకొంటున్నాం. ప్రశ్నావళికి కూడా దృక్పథం ఉంటుందని మాత్రం ఒప్పుకోవడానికి వెనుకాడుతున్నాం. అంకెలు నిష్పాక్షికమైనవని మన నమ్మకం. అంకె నిష్పాక్షికం కావచ్చు, అంకె మీద పెట్టిన పేరు కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది అదే. తెల్లాపూర్ ప్రాంతంలో డిగ్రీ విద్యార్థుల చేత స్థానిక ప్రజల సర్వేలు చేయించే ఒక చిన్న పరిశోధన కేంద్రం పని నేను చూస్తున్నాను. ఆ పనిలోకి దిగిన తర్వాత, మనకు ముందు ఈ నేల మీద జనాన్ని అడిగినవాళ్ళ చరిత్ర తెలుసుకోవలసిన అవసరం కలిగింది.

1

అడగడంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి పాలకులది. పన్ను ఎంత రాబట్టవచ్చు, సైన్యానికి ఎందరు దొరుకుతారు, ఎక్కడ అలజడి పుట్టవచ్చు అన్నవి వాళ్ళ ప్రశ్నలు. రెండవది పీడితుల పక్షాన నిలబడి అడిగినవాళ్ళది. 1880లో మార్క్స్ ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు నూరు ప్రశ్నలు తయారుచేశాడు. పని గంటలు, కూలి, యంత్రాల వల్ల జరిగే ప్రమాదాలు, అద్దె, సమ్మెలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఒక సోషలిస్టు పత్రిక దాన్ని ప్రచురించింది. ఇరవై అయిదు వేల ప్రతులు వేసి ఫ్రాన్సు అంతటా పంచారు. తిరిగి వచ్చిన జవాబులు చాలా తక్కువ. అయినా ఆ ప్రశ్నావళికి చరిత్రలో స్థానం ఉంది. ఎందుకంటే ఆ ప్రశ్నల్ని వరసగా చదువుకొన్న కార్మికుడికి, తాను రోజూ అనుభవిస్తున్నది తన ఒక్కడి తలరాత కాదని తెలుస్తుంది. అంటే ఆ ప్రశ్నావళి సమాచారం తీసుకోవడమే కాదు, ఇచ్చింది కూడా.

డు బాయిస్ చేసిన పని మా వంటి చిన్న కళాశాలలకు ఇంకా దగ్గరిది. ఆయన 1896-97లో ఫిలడెల్ఫియా నగరంలో నల్లజాతివారుండే ఏడవ వార్డులో ఇంటింటికీ తిరిగి సర్వే చేశాడు. ఆ పుస్తకం 1899లో వచ్చింది. తర్వాత అట్లాంటా విశ్వవిద్యాలయంలో చేరి ఏడాదికొక విషయం తీసుకొన్నాడు. ఒక ఏడు వ్యాపారం, ఒక ఏడు చదువు, ఒక ఏడు చేతిపనులు, ఒక ఏడు చర్చి. డబ్బులేని నల్లజాతి విద్యాసంస్థ అది. అక్కడ చదివి ఊళ్ళకు వెళ్ళిన పూర్వ విద్యార్థులే వివరాలు సేకరించి పంపేవారు. ఫలితాలను ఏటా సభపెట్టి వినిపించేవారు. తమవాళ్ళను గురించి ఇతరులు చెప్పే అబద్ధాలకు, తమవాళ్ళనే అడిగి తెలుసుకొన్న నిజాలతో జవాబు చెప్పడం ఆ పని వెనుకనున్న ఉద్దేశం.

2

ఇక మన నేలకు వద్దాం. నిజాం రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ కాలంలో భూముల సర్వే, సెటిల్‌మెంటు మొదలయ్యాయి. 1881లో మొదటి జనాభా లెక్కలు తీశారు. ఆ దశకంలోనే కచేరీ భాష పారశీకం నుంచి ఉర్దూకు మారింది. తెలంగాణ రైతు తెలుగులో చెప్పిన సంగతి పట్వారీ చేతిలో మరొక భాష కాగితంగా మారేది. ఆ కాగితంలో ఏముందో చెప్పిన రైతు చదువుకోలేడు, చదివి వినిపించగలవాడు పట్వారీ ఒక్కడే. వేలిముద్ర మాత్రం రైతుది. పటేలు, పట్వారీ, దొర ముగ్గురి అధికారానికీ ఈ కాగితం ఎంత ఆధారమో తెలంగాణ చరిత్ర చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆధునిక అర్థంలో ఆర్థిక సర్వే అన్నది 1929-30లో జరిగింది. నిజాం కళాశాలలో అర్థశాస్త్రం బోధించిన ఎస్. కేశవ అయ్యంగార్ ప్రభుత్వం పక్షాన గ్రామాల ఆర్థిక స్థితిని పరిశోధించాడు. ఆ సంపుటాల నిండా రైతు అప్పులున్నాయి, చేతులు మారిన భూములున్నాయి. ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలైన సంవత్సరమే అది. ధరలు పడిపోయాక ఆ అప్పు ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు. 1936లో బగేలా ఒప్పందాలను అదుపుచేస్తూ ప్రభుత్వం ఒక శాసనం తెచ్చింది. తీసుకొన్న అప్పుకు మనిషే తాకట్టయి దొర దగ్గర తరతరాలు చాకిరి చేసే పద్ధతి బగేలా. శాసనం వచ్చింది కాని వెట్టి పోలేదు, బగేలా పోలేదు. పదేళ్ళు తిరక్కుండా 1946లో తెలంగాణ రైతాంగం ఆయుధం పట్టింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాలకులకు తెలియక అన్యాయం కొనసాగిందనే వాదం నిలవదు. వాళ్ళ బీరువాల్లోనే ఆ లెక్కలున్నాయి. ఇంగ్లీషులో అచ్చయిన సంపుటాలవి. తన అప్పు ఎంతో, తన వంటివాళ్ళు ఎందరో తెలుసుకోవలసిన మనిషికి అవి అందలేదు. ఆ మనిషికి ఆ సంగతి చెప్పింది సర్వే నివేదిక కాదు, సంఘం. ఆంధ్ర మహాసభ సభల్లో వెట్టి గురించి, అక్రమ వసూళ్ళ గురించి తెలుగులో మాట్లాడినప్పుడు ఊరికి తన లెక్క తనకు తెలిసింది.

అయ్యంగారే 1949-51లో మళ్ళీ గ్రామీణ ఆర్థిక విచారణ జరిపాడు. ఆ సంవత్సరాలు ఎటువంటివో గుర్తుచేసుకోండి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. 1951 అక్టోబరు దాకా సాయుధ పోరాటం సాగింది. ఊళ్ళలో పోలీసు క్యాంపులున్నాయి. నీకు భూమి ఎంత, ఎవరి దగ్గర తీసుకొన్నావు, ఎవరికి బాకీ ఉన్నావు అని కాగితం పట్టుకొన్న మనిషి వచ్చి అడిగితే, అంతకుముందే పంచుకొన్న భూమిని దొరకు తిరిగి అప్పజెప్పవలసి వచ్చిన రైతు ఏమని చెప్పి ఉంటాడు? పట్టికలో ఆ భయానికి గడి లేదు.

3

ఇదే కాలంలో రచయితలు చేసిన మరొక రకం సర్వే ఉంది. దాన్ని సర్వే అని ఎవరూ అనలేదు కాబట్టి మనం గుర్తించం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి వాదంతో జవాబు చెప్పలేదు. గోలకొండ పత్రిక ద్వారా పిలుపునిచ్చి, ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించాడు. లేరన్నవాళ్ళ ముందు లెక్క పెట్టాడు. అడిగింది తెలుగులో, అచ్చయింది తెలుగులో, అందింది చెప్పినవాళ్ళకే. అట్లాంటాలో డు బాయిస్ చేసినదానికి, హైదరాబాదులో ప్రతాపరెడ్డి చేసినదానికి ఉద్దేశంలో భేదం లేదు.

వట్టికోట ఆళ్వారుస్వామి సంగతీ అటువంటిదే. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరూ తిరిగి అమ్మినవాడు ఆయన. పుస్తకం అమ్మడానికి పోయిన మనిషి ఊరి మాట వినకుండా తిరిగిరాడు. ‘ప్రజల మనిషి’ నవలలోని ఊరు గ్రంథాలయంలో కూర్చుని కట్టిన ఊరు కాదనడానికి వేరే రుజువు అక్కరలేదు. ప్రశ్నావళి లేకపోయినా ఆ తిరుగుడులో సర్వేకు ఉండవలసిన ముఖ్య గుణం ఉంది. ఇచ్చి పుచ్చుకోవడం ఉంది.

4

విశ్వవిద్యాలయం ఊరికి పోవడం స్వాతంత్ర్యం తర్వాత జరిగింది. ఉస్మానియాలో పనిచేస్తున్న ఎస్.సి. దుబే 1951-52లో వేర్వేరు శాఖల అధ్యాపకులతో, విద్యార్థులతో హైదరాబాదుకు పాతిక మైళ్ళ దూరంలోని శామీర్‌పేటకు వెళ్ళాడు. పరిశోధనతో పాటు ఊరికి వైద్యం, వ్యవసాయం వంటి విషయాలలో సాయం చేయడం కూడా ఆ ప్రణాళికలో భాగం. 1955లో ఇంగ్లీషులో వచ్చిన ఆ పుస్తకం దేశదేశాల్లో సామాజిక శాస్త్ర విద్యార్థులకు పాఠ్యమయింది. ఒక తెలుగు ఊరు ప్రపంచానికి తెలిసింది. ఈ కృషిని తక్కువ చేయనక్కరలేదు. అయితే ఆ ఊరి గురించి ఆ ఊరికి ఏం తెలిసింది అనే ప్రశ్న అడగకుండా ఉండలేం.

నా దృష్టిలో మన ప్రాంతంలో జరిగిన సర్వేలన్నిటిలోకి రచయితలు తప్పకుండా తెలుసుకోవలసినది ఎ.ఎం. ఖుస్రో చేసినది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలు చట్టం వచ్చింది. దున్నేవాడికి రక్షిత కౌలుదారు అనే హక్కు ఇచ్చారు. అది పోరాటం వల్ల వచ్చిన హక్కు. ఆ హక్కు ఏమయిందని ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఖుస్రో పరిశోధించి 1958లో పుస్తకం ప్రచురించాడు. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి నూరుమందిలో కొద్ది సంవత్సరాలకే ఆ స్థానంలో మిగిలినవారు 45.4. భూమి కొనుక్కొని యజమానులైనవారు 12.4. చట్టప్రకారం తొలగించబడినవారు 2.6. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టబడినవారు 22.1. మిగిలిన 17.5 మంది? వాళ్ళు ‘స్వచ్ఛందంగా’ వదులుకొన్నారు.

ఈ ఒక్క మాట దగ్గర ఆగుదాం. తరతరాలుగా దున్నిన భూమి మీద చట్టం మొదటిసారి హక్కు ఇస్తే, నూటికి పదిహేడు మందికి పైగా ఆ హక్కు మాకు వద్దని తమంత తాము చెప్పారట! ఖుస్రో కూడా ఈ మాటను అక్షరాలా నమ్మలేదు, వదులుకోవడాలలో చాలావాటి వెనుక ఇష్టం లేదని గ్రహించాడు. భూమి వదులుకొంటున్నానని రాసిచ్చే కాగితానికి రెవెన్యూ భాషలో రాజీనామా అని పేరు. పేరులోనే రాజీ ఉంది. దొర గడీ ముందు నిలబడి వేలిముద్ర వేసిన మనిషి ఏ మాటకు రాజీపడ్డాడో, ఏ బెదిరింపుకు లొంగాడో, ఏ పెళ్ళి అప్పుకు తలవంచాడో ఆ కాగితం చెప్పదు. సర్వే ఆ మనిషిని ఒక గడిలో కూర్చోబెట్టింది, ఆ గడి మీద ‘స్వచ్ఛందం’ అని రాసి ఉంది. ఖుస్రో గొప్పతనం ఆ మాటను శంకించడంలో ఉంది. ఆ శంక తర్వాత మిగిలిన పని కథకుడిది. ఆ 17.5 మంది గురించి మన సాహిత్యం రాయవలసింది ఇంకా ఉంది.

5

ఊరి సర్వే పద్ధతిలో మరొక మెట్టు మా పొరుగుననే కనబడుతుంది. తెల్లాపూర్‌కు దగ్గరలోని పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్టపంటల పరిశోధన దాని పని. 1975లో అది పల్లెల అధ్యయనం మొదలుపెట్టి, మన మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరులతో పాటు మహారాష్ట్రలో నాలుగు ఊళ్ళను తీసుకొంది. ఊరికి నలభై కుటుంబాలు. అందులో పది కూలి కుటుంబాలు, మిగిలిన ముప్ఫై చిన్న, మధ్య, పెద్ద రైతుల నుంచి పదేసి చొప్పున. వివరాలు రాసుకొనేవారు ఆ ఊళ్ళోనే కాపురముండి, కొద్ది వారాలకొకసారి అవే ఇళ్ళకు వెళ్ళి ఖర్చులు, పనిదినాలు, అప్పులు రాసుకొనేవారు. 1985 దాకా ఇది సాగింది, 2001లో తిరిగి మొదలయింది.

ఒక్కరోజు వచ్చి పోయేవాడికి చెప్పని సంగతి, ఏడాది పొడుగునా ఎదురింట్లో ఉండేవాడికి దాచడం కష్టం. కరువు ఏడులో ఒక కుటుంబం ముందు ఏది అమ్ముకొంటుంది, తర్వాత ఏది తాకట్టు పెడుతుంది, ఎవరు వలసపోతారు అన్నది ఒక్కసారి అడిగితే రాదు. కాలం గడిస్తే వస్తుంది. మా వంటి స్థానిక కళాశాలకు ఉన్న ఒకే ఒక్క బలం కూడా ఇదే. మాకు నిధులు లేవు, యంత్రాంగం లేదు. కాని మేం ఎక్కడికీ పోం. మా విద్యార్థి ఈ ఊరివాడు, సర్వే ముగిసిన మర్నాడు కూడా ఆ గల్లీలోనే కనబడతాడు.

6

ఇప్పుడు తెల్లాపూర్ సంగతి. 1998లో మాదాపూర్‌లో హైటెక్ సిటీ ప్రారంభమయింది. తర్వాత నగరం పడమటికి జరిగింది. బాహ్య వలయ రహదారి వచ్చింది. తెల్లాపూర్, కొల్లూరు పొలాల్లో అంతస్తులు లేచాయి. 2011 జనాభా లెక్కల నాటికి పంచాయతీగా ఉన్న తెల్లాపూర్ 2018లో మునిసిపాలిటీ అయింది, 2025 చివర మహానగరంలో కలిసింది. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ళ సముదాయాన్ని ప్రభుత్వం ప్రారంభించింది. నగరంలోని బస్తీల నుంచి పేదలు పనులకు, బడులకు దూరంగా ఇక్కడికి వచ్చారు. ఇంత మార్పూ రెండు జనాభా లెక్కల మధ్య జరిగింది. 2021లో జరగవలసిన లెక్కలు ఆ ఏడు జరగలేదు. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తామని 2025లో ప్రకటించారు. అంటే ఒక ఊరు మాయమై నగరమైన కాలానికి సాక్ష్యం చెప్పే దేశవ్యాప్త లెక్క లేదు.

రాష్ట్ర ప్రభుత్వం రెండుసార్లు అడిగింది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. లెక్కలో లేకపోతే మనిషిగా లేనట్లేనన్న భయంతో వలసపోయిన జనం బొంబాయి నుంచి, భివండి నుంచి బస్సులెక్కి వచ్చారు. ఆనాటి వివరాలు పూర్తిగా ప్రజల ముందుకు రాలేదు. 2024 నవంబరులో కులగణనతో కూడిన మరొక ఇంటింటి సర్వే మొదలై, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. సర్వేకు అందిన 3.54 కోట్ల మందిలో, ముస్లింలలోని వెనుకబడిన వర్గాలను కలుపుకొని, వెనుకబడిన కులాలు 56.33 శాతమని తేలింది. ఒకదాని ఫలితాలు చాలావరకు మూతపడి ఉన్నాయి, మరొకదాని ఫలితాలు రాజకీయాలకు కేంద్రమయ్యాయి. జవాబు తిరిగివస్తే ఏమవుతుందో చూపడానికి ఈ తేడా చాలు.

మా విద్యార్థులు తిరిగే తెల్లాపూర్‌లో మూడు రకాల తలుపులున్నాయి. గేటు లోపలి అంతస్తులకు సంఘం అనుమతి కావాలి. రేకుల షెడ్లలో ఉండే ఒడిశా, బీహారు, జార్ఖండ్ కూలీలను కలవాలంటే మేస్త్రీ అనుమతి కావాలి. మేస్త్రీ పక్కన నిలబడి ఉండగా కూలి ఎంత అని అడిగితే వచ్చే జవాబు మేస్త్రీది, కూలీది కాదు. 1950లో పట్వారీ పక్కనున్నప్పుడు వచ్చిన జవాబు ఎటువంటిదో ఇదీ అటువంటిదే. మూడవది పాత ఊరి తలుపు, అది తెరిచే ఉంటుంది.

ఆ పాత ఊళ్ళో ఒక ముసలామెను మా విద్యార్థిని అడిగింది, “అవ్వా, మీ భూమి ఏమయింది?” ప్రశ్నావళిలో జవాబులు అచ్చువేసి ఉన్నాయి: ఉంది, అమ్మారు, ప్రభుత్వం తీసుకొంది. “అమ్మినం బిడ్డా,” అన్నది ఆమె. విద్యార్థిని ఆ గడిలో గీత గీసింది. కాని లేచిరాలేదు, కూర్చుంది. కాసేపటికి ఆమే చెప్పింది: “అమ్మినమంటె అమ్మినం. సుట్టు అందరు అమ్ముకున్నరు, గోడలు వెట్టిండ్రు. మా చెల్కకు బాట లేకపాయె. ఎడ్లు యాడికెల్లి పోవాలె? ఏం జేస్తం, అమ్మినం. ఇప్పుడు గా బిల్డింగులల్లనే ఊడ్వబోతున్న.”

ఖుస్రో పట్టికలోని ‘స్వచ్ఛందం’ ఇదే. దొర లేడు, గడీ లేదు, బెదిరింపు లేదు. రిజిస్ట్రేషను సక్రమం, సంతకం సక్రమం, డబ్బు చేతికి వచ్చింది కూడా. అయినా బాట మూసుకుపోయిన మనిషి అమ్మడాన్ని, లాభం చూసుకొని అమ్మిన మనిషి అమ్మడాన్ని ఒకే గడిలో వేయగలమా? ఆ తర్వాత ‘అమ్మారు’ అన్న జవాబు కింద మా కేంద్రం మరొక ప్రశ్న చేర్చింది: అమ్మకముందు ఆ భూమికి బాట, నీళ్ళు, పొరుగు ఎట్లా ఉండేవి? దానికి అచ్చువేసిన జవాబులు లేవు. చెప్పింది చెప్పినట్లు, వాళ్ళ మాటలోనే రాయాలి. వృత్తి అనేచోట కూడా ఒకటికి బదులు రెండు గీతలు పెట్టాం: అప్పుడు, ఇప్పుడు. అప్పుడు రైతు, ఇప్పుడు ఊడ్చే మనిషి. ఈ రెండు మాటల మధ్యన ఉన్నదే తెల్లాపూర్ చరిత్ర.

7

అయ్యంగార్ నుంచి నేటి కులగణన దాకా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అడగడం ఎప్పుడూ జరుగుతూనే ఉంది, జరగనిది తిరిగి చెప్పడం. స్థానిక కళాశాల సర్వేకు మేం పెట్టుకొన్న నియమాలు ఇందులోంచే వచ్చాయి. ప్రశ్నలు తయారుచేసేటప్పుడు ఊరివాళ్ళు ఉండాలి. మేస్త్రీ, కార్పొరేటరు, ఇంటి యజమాని పక్కనుండగా తీసుకొన్న జవాబుకు ఆ సంగతి పక్కనే రాయాలి. కూలీ భాష వచ్చినవాళ్ళే కూలీని అడగాలి. జవాబు చెప్పినవాళ్ళ పేర్లు, గుర్తులు బయటికి పోకూడదు. ఫలితాలు ముందుగా ఊళ్ళో తెలుగులో, షెడ్ల దగ్గర హిందీలో, ఒడియాలో చదివి వినిపించాలి. విన్నవాళ్ళు తప్పంటే దిద్దాలి. ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఉండాలి. ఆ తర్వాతే అది విశ్వవిద్యాలయానికి పోవాలి.

ఇందులో రచయితలకేం పని అని అడగవచ్చు. చాలా ఉంది. గడి మీద పేరు పెట్టడం భాషకు సంబంధించిన పని. ‘స్వచ్ఛందం’, ‘అమ్మకం’, ‘నిరుద్యోగి’, ‘గృహిణి’ అన్న మాటలు ఎవరి అనుభవాన్ని కప్పిపెడుతున్నాయో పసిగట్టగలిగినది మాటలతో రోజూ పెనుగులాడే రచయితే. సాహిత్య విద్యార్థులు సర్వేకు పోవడం నామోషీ అనుకొంటారు, సామాజిక శాస్త్ర విద్యార్థులు కథ చదవడం కాలహరణం అనుకొంటారు. ఈ గోడ వల్ల నష్టపోతున్నది రెండు పక్షాలూ కాదు, జవాబు చెప్పిన జనం. తెల్లాపూర్ వంటి ఊళ్ళు నగరం చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాటిలో భూమిని, ఎడ్లను, బాటను జ్ఞాపకం పెట్టుకొన్న తరం ఇంకా బతికి ఉంది. ఎక్కువకాలం ఉండదు. ప్రతి ఊరి దగ్గరలోనూ ఒక కళాశాల ఉంది, ప్రతి కళాశాలలోనూ తెలుగు చదివే విద్యార్థులున్నారు. కాగితం, కలం పట్టుకొని వెళ్ళి, అడిగి, ఆ గడి నిండిన తర్వాత కూడా లేవకుండా ఇంకాసేపు కూర్చోవడం వాళ్ళు నేర్చుకోవాలి.